బిడ్డ బొంబాయిలో, పాలు చిట్యాలలో

నేను చెబుతున్నాను, మా ఊరి ఆశా కార్యకర్త రాస్తున్నది. నాకు నా పేరు రాయడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టి బయట బెంచీ మీద కూర్చున్న తల్లులు ఎక్కడైనా ఉంటే వాళ్ల కోసం చెబుతున్నాను. ధైర్యం చెప్పడానికి కాదు. నాకు ఎవరూ ముందు చెప్పలేదు, అందుకు.

నిరుడు దసరా పోయిన వారానికి బొంబాయిలో నాకు కాన్పయింది. ఏడో నెల. నా మొగుడు అక్కడ సెంట్రింగు పని చేసేవాడు, నేను అదే బిల్డింగుకు ఇటుకలు మోసేదాన్ని. మా అవ్వ, నన్ను కన్నతల్లి, కబురు అందిన రోజే మానుకోటలో రైలెక్కింది. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. అవ్వ వచ్చేసరికి పిల్లను పెట్టెలో పెట్టారు. ఆడపిల్ల. ముక్కులో గొట్టం, కాలికి తీగ, చర్మం కింద నరాలు బయటికే కనిపించేవి. అవ్వ అద్దంలో నుంచి చూసి, "గిదేందే, పిట్టపిల్ల లెక్కున్నది" అని అక్కడే కూలబడింది.

మొదటి రోజు నాకు పాలు పడలేదు, డబ్బా పాలు పోశారు. పిల్ల పొట్ట ఉబ్బి డప్పులా బిగిసింది, నీలం తిరిగింది. వెంటనే ఆపేసి సెలైను పెట్టారు. డాక్టరమ్మ నన్ను పిలిచి హిందీలో చెప్పింది: ఈ పేగులు ఇంకా పండలేదు, తల్లి పాలు తప్ప ఏదీ ఓర్వవు, పాలే దీనికి మందు, మందు ఎట్లా వేళకు ఇస్తామో అట్లా వేళకు పిండి తీసుకురా. నర్సమ్మ చిన్న చిన్న సీసాలు ఇచ్చింది, చేతులు ఎట్లా కడగాలో చూపించింది. సీసా మూత ఒక్కసారి పెట్టాక మళ్లీ తీయకూడదని చెప్పింది. ఆ మాట గుర్తుపెట్టుకున్నాను. నేను ఒక్కదాన్నే గుర్తుపెట్టుకుంటే సరిపోతుందనుకున్నాను.

బెంచీ మీద మేం ఏడెనిమిది మంది తల్లులం ఉండేవాళ్లం. ఒక్కొక్కరిది ఒక్కో భాష. మూడు గంటలకోసారి నర్సమ్మ వచ్చి చప్పట్లు కొడితే అందరం లేచి పరదా వెనక్కి పోయి పిండేవాళ్లం. షోలాపూర్ ఆమె ఒకతి, సుమన్ అని, ఆమెకు తెలుగు వచ్చు. "లే లే, బర్లను పిండె యాళ్లయింది" అని నవ్వించేది. నాకు పాలు రాక ఏడుస్తుంటే వేడి గుడ్డ పెట్టి, వీపు రుద్ది, ఎట్లా పిండాలో ఆమే నేర్పింది. ఆరో రోజుకు నా సీసా నిండింది. పిల్ల పొట్ట మెత్తబడింది. నా మొగుడు పని నుంచి సిమెంటు చేతులతోనే వచ్చి అద్దం దగ్గర నిలబడి, "నీ లెక్కనే మొండిది, బతుకుతది" అన్నాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆయన సెంట్రింగు మీద నుంచి పడ్డాడు. ఆ ముచ్చట ఇంతకంటే చెప్పను.

శవాన్ని ఊరికి పంపడానికి మేస్త్రీ అంబులెన్సు మాట్లాడాడు. మా అత్తది చిట్యాల దగ్గర ఊరు, భూపాలపల్లి జిల్లా. ఆమెకు ఒక్కడే కొడుకు. ఫోనులో ఒకటే మాట: "పెండ్లాం శవమెంబడి రావాలె." ఎన్ని రోజులకు వస్తావని నర్సమ్మ అడిగితే మూడు రోజులని చెప్పాను. అబద్ధం ఆడాలని కాదు, నిజంగా అట్లాగే అనుకున్నాను. పిండి పెట్టిన సీసాలు నాలుగు రోజులకు వస్తాయని ఆమె లెక్క చూసింది. ఖాళీ సీసాలు ఒక సంచి నిండా ఇచ్చి, ఊరికి పోయినా పిండడం ఆపకు, ఆపితే ఎండిపోతాయి అంది. అవ్వను బెంచీ మీద కూర్చోబెట్టి బయలుదేరాను.

దారి ఒక పగలు, ఒక రాత్రి. శవం పాడవకుండా ఐసు పెట్టారు. మూడు గంటలకోసారి నా రవిక తడిసేది. అంబులెన్సులో ఆయన కాళ్ల దగ్గర కూర్చుని పిండాను, సీసాలు ఆ ఐసులోనే గుచ్చాను. వేరే చోటు లేదు. ఊళ్లో దిగాక ఏడుపుల మధ్యలోనే మా అత్త ఆ సీసాలు చూసింది. "పీనుగు పక్కన పెట్టిన పాలా?" అని వాకిట్లోనే పారబోసింది.

మూడో రోజు పిట్టకు మెతుకులు పెట్టాక అడిగాను.

"నేను పోత అత్తా. పిల్లకు పాలు అయిపోతయి."

"యాడికి పోతవ్? గాజులు తియ్యలే, బొట్టు తుడువలే. పదకొండొద్దులు కాకుండ మొగడు సచ్చినది గడప దాటుతదా? నలుగురు నా మొకాన ఉమ్మరా?"

"ఆకలికున్నది అత్తా."

"పుట్టంగనే తండ్రిని మింగింది. ఇంక తీరలేదా దాని ఆకలి?"

ఆ మాట అన్నాక ఆమె తల గోడకు కొట్టుకుంది, నలుగురు పట్టుకున్నారు. నేను మూల కూర్చున్నాను. నా కాళ్లు ఎవరూ కట్టేయలేదు. చిట్యాల దాకా ఆటోలు దొరుకుతాయి, అక్కడి నుంచి బస్సులున్నాయి. లేచి పోతే పోయేదాన్ని. నలుగురి ముఖాలు చూసి కూర్చున్నాను. ఈ కథలో అందరి తప్పులూ చెబుతాను, మొదటిది ఇది.

ఇది రాస్తున్న ఆశమ్మే ఆ రోజు పరామర్శకు వచ్చి నా తడిసిన రవిక చూసింది. పాలు గడ్డ కట్టిస్తే పాడవవని చెప్పింది. ఊళ్లో గడ్డ కట్టేది కిరాణా దుకాణంలో ఐస్‌క్రీముల పెట్టె ఒక్కటే. వెనక తలుపు నుంచి పోయి దుకాణపామెను అడిగాను.

"చావింటి పాలు నా కుల్ఫీల పక్కన పెట్టిన్నని తెలిస్తె పోరగాండ్లు ఒక్కలన్న వస్తరా?" అంది.

నేను తిరిగాను.

"ఆగు. పోతవేంది? అడుగున పెట్టు. పైన నేను కుల్ఫీలు పరుస్త. ఎవ్వలకు చెప్పకు, మీ అత్తకు అసలుకే చెప్పకు."

అట్లా మూడు రోజులు పిండి దాచాను. ఆరో రోజు స్నానం చేయించేటప్పుడు మా ఆడబిడ్డ వరస వాళ్లు చూశారు. బిడ్డ బతికేది లేదట, ఆ పాలు ఉంచుకుంటే నాకే జ్వరమట. పాత చీర చింపి నీళ్లలో తడిపి రొమ్ముల మీద బిగించి కట్టారు. కట్టినవాళ్లలో ఒక్కరికీ నా మీద పగ లేదు. వాళ్లకు వాళ్ల తల్లులు అట్లాగే కట్టారు. రెండో రోజుకు ఎడమ వైపు రాయయింది. ముట్టుకుంటే ప్రాణం పోయేది. పంటి కింద చలి, వీపులో చలి, దుప్పట్లు మూడు కప్పినా ఆగని చలి. చిట్యాల దవాఖానలో కోసి చీము తీశారు. కట్టు కట్టారు. అటు వైపు ఇక పాలు రావన్నారు. కుడి వైపు పిండితే సీసా అడుగు తడిసేది.

ఇంక నా పాలు అంటే ఆ కుల్ఫీల కింద ఉన్న సీసాలే.

సాయంత్రం అవ్వ ఫోను చేసింది. సీసాలు ఎప్పుడో అయిపోయాయి, మూడు రోజుల నుంచి సెలైను మీదే ఉంచారు.

"పొట్ట మళ్ల ఉబ్బిందే. నర్సమ్మ ఏందేందో అడుగుతది, నాకు వాళ్ల బాస రాదు. బెంచీ మీద కూసొని దండం పెడుతున్న అంతే. జెల్ది రా బిడ్డా."

జనగామలో మా అన్న పత్తి మార్కెట్‌లో పని చేస్తాడు. అతనికి విషయం చెప్పాను.

"రైలైతె రాత్రంత పడుతది, ఐసు ఆగదు. ఇమానమైతె గంటన్నర. టికెట్ నేను తీస్త. పాలు మాత్రం చేతులనే పట్టుకో, సామాన్లల్ల ఎయ్యకు."

మందుల దుకాణంలో ఇంజెక్షన్లు వచ్చే తెల్ల థర్మాకోల్ డబ్బా, గడ్డ కట్టించే జెల్లు సంచులు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు.

పదకొండో రోజు గాజులు తీశారు. ఇక పోతానంటే, పుట్టింట్లో ఒక నిద్ర చేయకుండా ఎటూ పోకూడదన్నారు. మానుకోట మాకు పక్కదారి. ఆ ఒక్క రాత్రి కోసం ఎంత బతిమాలానో. చివరికి మా బాపు వచ్చి, "ఒక్క రాత్రే గద బిడ్డా, పొద్దుగాల నేనే రైలెక్కిస్త" అన్నాడు. ఆయనకూ నలుగురి ముఖాలున్నాయి. నన్ను పుట్టింట దిగబెట్టడానికి అత్త కూడా వెంట వచ్చింది. దుకాణం నుంచి డబ్బాలో సర్ది తెచ్చిన పాలు అత్త చూసింది, ఈసారి పారబోయలేదు; వాటిని పక్కింటి ఫ్రిజ్‌లో గడ్డ కట్టే అరలో పెట్టాం.

తెల్లవారి నేను స్నానం చేసి వచ్చేసరికి అత్త డబ్బా సర్ది, పైన గుడ్డ కప్పి, మూడు ముళ్లు వేసి ఉంచింది.

"గట్టిగ కట్టిన. తొవ్వల ఇప్పకు, సల్లదనం పోతది."

పన్నెండు రోజుల్లో ఆమె నాకు చెప్పిన మంచి మాట అదొక్కటే. నాకు ఏడుపొచ్చింది. జనగామలో రైలు దిగితే అన్న ఎయిర్‌పోర్టు దాకా కారు మాట్లాడి ఉంచాడు. బిడ్డ అక్కడుందని ఆస్పత్రి వాళ్లతో రాయించి తెప్పించుకున్న కాగితం తన ఫోను నుంచి నా ఫోనుకు పంపాడు. "ఇప్పకు" అని అతనూ అన్నాడు.

విమానం ఎక్కే చోట అందరూ సామాన్లు తిరిగే పట్టీ మీద పెడుతున్నారు. నేనూ పెట్టాను. డబ్బా లోపలికి పోయి అక్కడే ఆగింది. యూనిఫారం వేసుకున్న ఆడమనిషి పిలిచింది. లోపల ఇనుము ఉందంది. లేదు మేడం, పాలు మేడం అన్నాను. ఆమె ముళ్లు విప్పింది. పైన పాత గుడ్డ ముక్కలో చుట్టి, విరిగిన కొడవలి మొన. అరచేతి పొడవుంది. నా వెనక నిలబడ్డవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగారు. ఆమె ఒక సీసా తీసి వెలుతురుకు పట్టింది. తెల్లగా గడ్డకట్టిన పాల మీద నల్లటి ముక్క. ఇంకోటి తీసింది. దాంట్లోనూ. అన్నిట్లోనూ.

"యే క్యా హై?" అంది.

నాకు చూడగానే అర్థమైంది. మా దిక్కు పాలు పొలిమేర దాటితే గాలి సోకుతుందని అందులో బొగ్గు ముక్క వేస్తారు, పక్కన ఇనుము పెడతారు. బాలింత పాలకైతే ఇంకా పట్టింపు. నాకు చెబితే వద్దంటానని మా అత్త తెల్లవారుజామున లేచి ఒక్కొక్క మూత తీసి వేసింది. తండ్రిని మింగిందని పన్నెండు రోజులు తిట్టిన పిల్లకు దిష్టి తగలకూడదని వేసింది. ఇదంతా హిందీలో ఎట్లా చెప్పాలి? "గాలి మేడం, గాలి కోసం" అన్నాను. ఆమె ఇంకొకరిని పిలిచింది.

ఇద్దరు మగవాళ్లు వచ్చారు. గుడ్డతో సీసాలు తుడిచి ఏదో మిషనులో పెట్టి చూశారు. బిడ్డ ఏది అన్నారు. బొంబాయిలో అన్నాను. బిడ్డ వెంట ఉంటే పాలు పంపుతాం, బిడ్డ లేకుండా ఇన్ని పాలు ఎందుకు అన్నారు. అడిగిందే మళ్లీ అడిగారు. డబ్బా మూత తెరిచే ఉంది. నేను వాళ్ల ముఖాలు చూడలేదు, జెల్లు సంచులనే చూశాను. మెత్తబడుతున్నాయి.

ఒళ్లు తడమాలని ఆ ఆడమనిషి నన్ను పరదా వెనక్కి తీసుకుపోయింది. ఆమె చెయ్యి కట్టుకు తగిలింది, నేను కేక వేశాను. చూపించు అంది. చూపించాను. కట్టు కింద నుంచి చీము, ఇటు వైపు రవిక తడి. ఆమె నా కొంగు తనే సర్ది, నా ఫోను తీసుకుని కాగితం చదివింది. ఆస్పత్రికి ఫోను చేసి నర్సమ్మతో మాట్లాడింది. బయటికి వచ్చి తన పైఅధికారికి గట్టిగా ఏదో చెప్పింది. కొడవలి ముక్క చెత్తబుట్టలో వేసి, డబ్బా తనే మూసి, నా ముందు పరుగెత్తి విమానం దాకా తీసుకుపోయింది. ఆమె పేరు కూడా నేను అడగలేదు.

విమానం మొదటిసారి ఎక్కాను. కిటికీ పక్కనే సీటు. బయట ఏముందో చూడలేదు. డబ్బా పైన పెట్టమని పక్కాయన రెండు సార్లన్నాడు, ఒళ్లోనే పెట్టుకున్నాను. బొగ్గు తీసేస్తే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. నిజం చెబుతున్నాను, అనిపించింది. ఒక సీసా కొంగులో పెట్టుకుని విమానంలో పాయిఖానాకు పోయాను. పాలు పైన కరిగాయి, బొగ్గు తేలుతోంది. వేలు పెట్టి తీసేశాను. చక్కగా తెల్లగా అయింది. సీటులోకి వచ్చి ఆ సీసా వేరుగా పట్టుకుని కూర్చున్నాను.

ఆస్పత్రిలో నర్సమ్మ డబ్బా తెరిచి నా ముఖం చూసింది. విషయం చెప్పాను. మూత తీసినవి ఏవీ పోయలేమంది. ఈ పేగులకు పొయ్యి మసి అంటితే ఏమవుతుందో తెలుసా అంది. నా చేతిలో ఉన్న సీసా చూసి, ఇది బాగుంది కదా, ఇది ఇవ్వు అని చెయ్యి చాపింది. చెప్పకపోతే అది పోసేవాళ్లే. పిల్ల సెలైను మీద పడి ఎన్ని రోజులైందో నాకు తెలుసు. "దీంట్లో కూడా ఉండె, నేను వేలు పెట్టి తీసిన" అన్నాను. అన్ని సీసాలు మోరీలో పోస్తూ ఆమె నన్ను అటు తిరగమంది. నేను తిరగలేదు.

తర్వాత కుడి వైపు పిండుకుంటూ కూర్చుంటే గంటకు ఒక చెంచాడు వచ్చింది. నర్సమ్మ దాన్నే సూది లేని సిరంజీలోకి లాగి, పిల్ల దవడ లోపల చుక్క చుక్కగా రాసింది. బెంచీ మీద సుమన్ ఇంకా ఉంది. నా సంగతి విని కాసేపు తిట్టింది, ఎవరిని తిట్టిందో నాకు తెలియలేదు.

"నువ్ లేనప్పుడు మీ అమ్మ ఉట్టిగ దండం పెట్టుకుంట కూసున్నది. ఏం గావాల్నో చెప్పనే లేదు. చెప్తె నేనియ్యనా? నాకు ఒక్క పిల్లకు పట్టనన్ని వస్తున్నయి."

ఆమె రక్తం పరీక్ష చేసి, కాగితం మీద రాయించుకుని, ఆమె పాలు నా పిల్లకు గొట్టంలో పోశారు. ఇంకో తల్లి కూడా ఇచ్చింది. పది రోజులకు పొట్ట దిగింది. నా పిల్ల పేగులు నిలబడింది వాళ్ల పాలతో. నేను అక్కడే ఉండి ఉంటే, నోరు తెరిచి అడిగి ఉంటే, సీసాలు అయిపోయిన మొదటి రోజే నిలబడేది. మా అవ్వకు భాష రాదని నాకు తెలుసు. తెలిసే, సుమన్‌కు ఒక్క మాట అప్పజెప్పకుండా, ఆమెను ఆ బెంచీ మీద వదిలిపోయాను.

ఒక రోజు అత్త ఫోను చేసింది. గొంతు చిన్నగా ఉంది.

"పాలు తాగిందా?"

"ఏ పాలు?"

"నువ్ తీస్కపోయినయి. నేను బొగ్గు ఏసిన, ఏ గాలి తాకదు."

అబద్ధం చెప్పి ఉండవచ్చు. తాగిందని ఒక్క మాట అంటే ముసలిది ఆ రాత్రి నిద్రపోయేది. నేను అనలేదు.

"నువ్ మూతలు తీసినవని అన్ని మోరీల పారబోసిన్రు అత్తా. ఒక్క చుక్క తాగలేదు."

చాలాసేపు అటు వైపు కోళ్ల చప్పుడు వినిపించింది. తర్వాత ఫోను పెట్టేసింది. ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటున్నాం. పిల్లకు ఆమె గుడ్డలు ఉతుకుతుంది, వాకిట్లో ఎండలో పెడుతుంది. ఆ రోజు నుంచి పిల్ల తాగే గిన్నె మాత్రం ముట్టుకోదు. ముట్టుకొమ్మని నేనూ చెప్పలేదు.

తల్లులకు నేను చెప్పగలిగింది కొంచెమే. బిడ్డ పెట్టెలో ఉంటే చావుకైనా పెళ్లికైనా బెంచీ వదలకండి. వదలక తప్పకపోతే, అడిగే నోరున్న మనిషిని కూర్చోబెట్టి పోండి. పాల డబ్బా మీరే కట్టుకోండి, ఎంత కావలసినవాళ్లయినా ముట్టుకోనివ్వకండి. విమానంలో పోతే బిడ్డ ఎక్కడుందో ఆస్పత్రి వాళ్లతో రాయించుకున్న కాగితం చేతిలో పట్టుకోండి. రొమ్ములకు గుడ్డ కట్టడానికి వచ్చినవాళ్లను తరిమేయండి. వాళ్లు బాధపడితే పడనీయండి.

రెండు నెలలకు గొట్టం తీశారు. నర్సమ్మ పిల్లను నా ఒళ్లో పెట్టి రొమ్ముకు పట్టించమంది. పాల కోసం కాదు, చప్పరించడం నేర్వాలని. అప్పటికి నాకు చుక్క రావడం ఆగి వారమైంది. నోరు తెరవదని అనుకున్నాను. తెరిచింది. ఒక్కసారి జారింది, మళ్లీ వెతుక్కుని పట్టుకుంది. అంత చిన్న దవడలో అంత బలం ఎక్కడిదో. లాగి, ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్లీ లాగింది. "చాలు, అలసిపోతుంది, తీసేయ్" అంది నర్సమ్మ. నేను తీయలేదు. కాసేపటికి రెండో వైపుకు, కోసిన వైపుకు మార్చాను. అక్కడా ఏమీ లేదు. దానికి అది ఇంకా తెలియదు, లాగుతూనే ఉంది.